ఆరు వందల మార్కుల్లో ఆటపాటలకు చోటేదీ?

విజయవాడ: కానూరు, పోరంకి, యనమలకుదురు, రామవరప్పాడు, నున్న. ఒకప్పుడు ఇవి వరిచేల నడుమ ఊళ్లు. నేడు నగరం ఎక్కడ ముగిసి ఊరు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. పొలాలు పోయి అపార్టుమెంట్లు లేచాయి. వాటి పక్కనే కార్పొరేట్ విద్యాసంస్థల బహుళ అంతస్తుల భవనాలు వెలిశాయి. మారనిది ఊరి బడి పేరు ఒక్కటే. 1959లో జిల్లా పరిషత్తులు ఏర్పడి, పాత జిల్లా బోర్డుల స్థానంలోకి వచ్చినప్పటి నుంచి ఇది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలే. ఫీజు కట్టగలిగినవారి పిల్లలు పసుపు రంగు బస్సెక్కి వెళ్లిపోగా, ఈ బడికి వచ్చేది అధికంగా భవన నిర్మాణ కూలీలు, ఆటో డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే మహిళల పిల్లలు. చదువు, సంగీతం, ఆటలు ఈ మూడింటిలో వీరికి అందుతున్నదేమిటి?

అంకెల్లో చదువు

పదో తరగతి పరీక్షకు మొత్తం 600 మార్కులు. సబ్జెక్టులు ఆరు. ఒక్కో దానిలో 35 మార్కులు వస్తే ఉత్తీర్ణత. హిందీకి 20 చాలు. అంతర్గత మూల్యాంకనానికి కొన్నేళ్లపాటు 20 మార్కులు కేటాయించారు. పాఠశాలలు తమ విద్యార్థులకు ఉదారంగా మార్కులు వేసుకుంటున్నాయన్న విమర్శల నేపథ్యంలో 2019లో వాటిని తొలగించారు. ఆ నిర్ణయం ఒక విధంగా సర్కారు బడికి మేలే చేసింది. అందరూ ఒకే పరీక్ష గదిలో, ఒకే ప్రశ్నపత్రంతో తేల్చుకోవలసి వచ్చింది.

ఈ బడి పిల్లలకు ఉన్న రెండు పెద్ద అవకాశాల గురించి తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. మొదటిది నూజివీడు ట్రిపుల్ ఐటీ. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదో తరగతి మార్కుల ఆధారంగానే ఆరేళ్ల సమీకృత కోర్సులో ప్రవేశం ఇస్తుంది. వసతి గృహాలు లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, పురపాలక పాఠశాలల్లో చదివినవారికి 4 శాతం అదనపు స్కోరు కలుపుతారు. ఒక్క మార్కు తేడాతో సీటు చేజారే పోటీలో ఈ 4 శాతం విలువ సామాన్యమైనది కాదు. లక్షలు పోసి ప్రైవేటు బడిలో చేర్పించినవారికి ఇది వర్తించదు.

రెండోది జాతీయ ఉపకారవేతన పరీక్ష. 2008లో కేంద్రం ప్రారంభించిన ఈ పథకం కింద ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసి ఎంపికైన పేద విద్యార్థికి తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా రూ.12 వేలు అందుతాయి. కుటుంబ వార్షికాదాయం రూ.3.5 లక్షలు మించకూడదు. దరఖాస్తు చేయించవలసింది పాఠశాలే. కాబట్టి ప్రధానోపాధ్యాయుడి చొరవ మీదే చాలా వరకు ఆధారపడి ఉంటుంది.

పాట నేర్పేదెవరు?

సంగీతం విషయానికి వస్తే పరిస్థితి వేరు. ఉదయం ప్రార్థన సమావేశంలో ‘మా తెలుగు తల్లికి’ గీతం వినిపిస్తుంది. ఆగస్టు 15కో, వార్షికోత్సవానికో తెలుగు పండితుడో, గొంతున్న మరో ఉపాధ్యాయుడో నలుగురిని కూర్చోబెట్టి దేశభక్తి గీతం నేర్పుతారు. సంగీత ఉపాధ్యాయుడున్న ఉన్నత పాఠశాల అరుదు. కేంద్ర ప్రభుత్వం 2015 నుంచి కళా ఉత్సవ్ పేరిట తొమ్మిది నుంచి ఇంటర్ వరకు విద్యార్థులకు గానం, నృత్యం తదితర పోటీలు పెడుతోంది. ఆ వేదిక మీద నిలిచేది ఇంటి దగ్గర సాధన చేసినవారే.

ఇదేమీ సంగీతం లేని నేల కాదు. గుడివాడ సమీపాన చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వెంకటేశ్వరరావు, పాట నేర్చుకోవడానికి కృష్ణా తీరం నుంచి విజయనగరం దాకా వెళ్లవలసి వచ్చింది. నేడు విజయవాడ నగరంలోనే ఆయన పేరిట ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంస్థ అది. ఇక్కడ సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆపై డిప్లొమా రెండేళ్లు. బడి చదువుతో పాటే నేర్చుకోవచ్చు. అయితే యనమలకుదురు పిల్ల సాయంత్రం ఆటో ఎక్కి నగరానికి వెళ్లి తిరిగి రావాలంటే ఛార్జీలు ఎవరు పెట్టుకోవాలి, చీకటి పడ్డాక తోడెవరు వెళ్లాలి? కూలి చేసుకునే ఇంట్లో సంగీతం ఆగిపోయేది సాధారణంగా ఇక్కడే.

నల్లరేగడిపై కబడ్డీ

జిల్లా పరిషత్ బడికి ఉన్న గొప్ప ఆస్తి మైదానం. కోట్లు పలికే స్థలాల మధ్య అపార్టుమెంటు బడికి ఇది దొరకదు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌కు పెద్దగా ఖర్చు లేదు. విజయవాడకు చెందిన విలువిద్య క్రీడాకారిణి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు సాధించడం నగరానికి గర్వకారణమే. కానీ కాంపౌండ్ విల్లు ధర లక్షల్లో ఉంటుంది. ఈ బడి పిల్లలకు అందుబాటులో ఉన్నది మట్టి కోర్టే.

చిక్కల్లా ఆ మట్టితోనే. డెల్టా నల్లరేగడి నేల వానకు అంటుకుపోతుంది. నీరు ఇంకక మైదానం రోజుల తరబడి బురదగానే ఉంటుంది. పాఠశాల క్రీడా సమాఖ్య పోటీలకు మండల, జిల్లా స్థాయి ఎంపికలు మొదలయ్యేదీ దాదాపు ఆ వానల్లోనే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నగర శివార్లను ముంచెత్తినప్పుడు ఆట సంగతి అటుంచి, తరగతులు నడపడమే కష్టమైంది.

రాష్ట్ర స్థాయికి ఎంపికైన పదో తరగతి విద్యార్థికి మరో ఇబ్బంది. 17 ఏళ్లలోపు విభాగంలో ఆడేది తొమ్మిది, పది తరగతుల వారే. శీతాకాలంలో రాష్ట్ర, జాతీయ పోటీలు జరిగే వేళకు బడిలో ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు మొదలవుతాయి. ఉత్తీర్ణతా శాతం తగ్గితే సంజాయిషీ అడుగుతారు. పతకం రాకపోతే అడిగేవారు లేరు. అందుకే వ్యాయామ ఉపాధ్యాయుడు పంపుదామన్నా లెక్కల మాస్టారు వెనకాడటంలో ఆశ్చర్యం లేదు.

ఆట వల్ల ఒరిగేదేమిటన్న తల్లిదండ్రుల ప్రశ్నకు ఇటీవల కొంత సమాధానం దొరికింది. 2024లో ప్రకటించిన రాష్ట్ర క్రీడా విధానం ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. 2025 మెగా డీఎస్సీలో ఆ మేరకు ఉపాధ్యాయ పోస్టులు భర్తీ అయ్యాయి. ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లోనూ క్రీడలు, ఎన్‌సీసీ, స్కౌట్స్‌కు స్వల్ప కోటా ఉంది. పోటీలో పాల్గొన్న ధ్రువపత్రం అసలు ప్రతి చేతికందేలా చూసుకోవడం, అందులో పేరు, పుట్టిన తేదీ బడి రికార్డులతో సరిపోయాయో లేదో అప్పుడే సరిచూసుకోవడం తల్లిదండ్రుల పని. ప్రవేశాల వేళ ఈ పత్రాలను విడిగా పరిశీలిస్తారు.