పాత చీరలో మిగిలిన బలం

వాడి పక్కన పెట్టిన వస్తువును నలిపి, కరిగించి ముడిసరుకుగా మార్చకుండా, దానిలో మిగిలిన గుణాన్నే ఆధారం చేసుకుని మరింత విలువైన వస్తువుగా తీర్చిదిద్దడాన్ని అప్‌సైక్లింగ్ అంటారు. 1994లో జర్మన్ ఇంజనీరు రైనర్ పిల్జ్ ప్రస్తావించిన తరువాత ఈ మాట ప్రచారంలోకి వచ్చినా, ఆ పని మాత్రం తెలుగు ఇళ్ళలో బొంత రూపంలో తరతరాలుగా సాగుతూనే ఉంది. హర్యానాలోని పానిపట్‌లో పాత ఉన్ని బట్టలను చీల్చి, పీచుచేసి, మళ్ళీ నూలు వడికి చౌక దుప్పట్లు నేయడం రీసైక్లింగ్. అందులో పాత నేత పూర్తిగా చెదిరిపోవడమే కాక పీచు పొట్టిదై బలం కోల్పోతుంది. బొంతలో నేత నేతగానే ఉండి కొత్త పనికి వస్తుంది.

చీర అంతటా ఒకే తీరున పాడవదు. కూర్చున్నప్పుడు ఒరిపిడి తగిలే భాగమూ, నేలను రాసుకునే అడుగు అంచూ ముందుగా పలచబడితే, లోపలి చెంగూ కుచ్చిళ్ళ లోపలి మడతలూ చాలాకాలం గట్టిగానే నిలుస్తాయి. బొంత కుట్టే స్త్రీల నేర్పంతా ఈ తేడాను పసిగట్టడంలోనే ఉంది. ఫాల్ విప్పి, గంజి పూర్తిగా పోయేలా ఉతికి, ఎండలో ఆరబెట్టిన చీరల్లో గట్టివాటిని పైకీ అడుగుకూ ఉంచి, నలిగిపోయిన చీరలనూ పంచెలనూ నడుమ పరిచి, ముడతలు లేకుండా లాగి, పొరలు జరగకుండా ముందు కచ్చా కుట్టు వేస్తారు. ఆ తరువాత సూదిని పైకీ కిందికీ తీస్తూ వేలెడు ఎడంతో వరుసలు వరుసలుగా కుట్టుకుంటూ పోతారు. ఈ కుట్లు పొరలన్నిటినీ కలిపి పట్టుకోవడం వల్ల ఒక పొరలో చిరుగు పుట్టినా అది సాగిపోదు. పొరల మధ్య చిక్కిన గాలి చలికాలంలో వెచ్చదనాన్ని నిలుపుతుంది. విడిగా ఒక్క ఉతుకుకైనా తట్టుకోలేని గుడ్డ ఈ విధంగా ఏళ్ళ తరబడి నిలవడం నిజంగా మెచ్చదగిన పనితనం.

బెంగాల్‌లోని కాంథా కూడా ఇలా పుట్టినదే. పాత చీర అంచుల నుంచి లాగిన రంగు పోగులతోనే అక్కడి స్త్రీలు దానిపై బొమ్మలు కుట్టేవారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ది తెగ స్త్రీలు కుట్టే రంగురంగుల కవంది బొంత మరో రూపం. పలుమార్లు ఉతికిన నూలుగుడ్డ మెత్తబడి, చెమటను బాగా పీల్చుకుంటుంది కనుకనే పసిబిడ్డలకు పొత్తిగుడ్డలుగా పాత చీరలనే ఎంచుకుంటారు.

పట్టుచీర సంగతి వేరు. మడత కదపకుండా ఏళ్ళ తరబడి పెట్టెలో ఉంచితే అది మడతల వెంబడే చిట్లుతుంది కాబట్టి, ఆ గీతలను తప్పించి కత్తిరించి, లోపల నూలు లైనింగు వేస్తే అమ్మమ్మ చీర మనవరాలికి పరికిణీ అవుతుంది. పాత పట్టుచీరలు కొనే వ్యాపారులు జరీలోని వెండి కోసం బట్టను కాల్చివేస్తారు; చేతికి వచ్చే నాలుగు రూపాయల కోసం అంతటి నేతను బూడిద చేయడం తీరని నష్టం. ఎందుకూ చాలని పీలికలను మూడు పాయలుగా జడ అల్లి, చుట్టగా చుట్టి కుడితే కాళ్ళు తుడుచుకునే పట్టా తయారవుతుంది. సూది పట్టలేని చిన్నపిల్లలు కూడా ఈ అల్లిక చేయగలరు.

పాలియెస్టర్ చీరలు మాత్రం చెమటను పీల్చవు కాబట్టి అవి ఒంటికి తగిలే బొంతలకు పనికిరావు. వాటిని చేతిసంచులకు వాడుకోవడం మేలు. నూలు చీరను స్టీలు సామాన్లవారికి వేసే ముందు పాఠకులు దానిని ఒక్కసారి వెలుతురుకు అడ్డంగా పట్టి చూడాలి. పలచబడ్డ చోటు ఎంత, గట్టిగా ఉన్నది ఎంత అన్నది అప్పుడే తెలుస్తుంది.