కంచు కరిగిపోతుంది, కొలిమి గుర్తు మిగులుతుంది



కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్‌లో, ఆ చుట్టుపక్కల గార్డెన్‌రీచ్‌లో, రేవులోనూ రైల్వేలోనూ పనుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో అమ్మమ్మ కాలంనాటి కంచు పళ్ళెం ఉందనుకోండి. ఒకరోజు చెయ్యిజారి పడింది, అంచు పగిలింది. పాత సామాన్లు కొనేవాడు దాన్ని తూచి డబ్బు ఇస్తాడు. ఆ పళ్ళెం కరిగి మరో వస్తువు అవుతుంది. దాన్ని ఏ ఊరి కంచరి చేశాడు, తగరం ఎంత కలిపాడు, ఎలా సాగగొట్టాడు అనే సమాచారమంతా ఆ మూసలోనే అంతరించిపోతుంది.

పురావస్తు శాస్త్రజ్ఞుడికి ఎదురయ్యే మొదటి కష్టం ఇదే. రాయి విరిగినా రాయిగానే ఉంటుంది. కుండ పగిలినా పెంకులు మిగులుతాయి. కంచును మాత్రం మళ్ళీ కరిగించవచ్చు. అందుకే ప్రాచీన కాలపు లోహ విగ్రహాలలో మనకు చేరినవి కొద్ది. మరి కరిగిపోయిన వాటి చరిత్రను ఎలా తెలుసుకోవాలి? పనివాళ్ళు పారేసిన చెత్తను చూసి తెలుసుకోవాలి.

రాగి, తగరం, కంచు

రాగి 1085 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. తగరానికి 232 డిగ్రీలు చాలు. రాగిలో తగరం కలిపితే రెండు లాభాలు. మిశ్రమం రాగికన్నా తక్కువ వేడికే కరుగుతుంది, అచ్చులోని సన్నని సందుల్లోకి సులువుగా పారుతుంది. చల్లారాక రాగికన్నా గట్టిగా ఉంటుంది. తగరం పాలు నూటికి 20 దాటితే లోహం ఖంగున మోగుతుంది, కానీ పెళుసుగా మారుతుంది. గంట మోగడానికీ, అమ్మమ్మ పళ్ళెం పగలడానికీ కారణం ఒకటే!

కంచు తయారీలో రెండు దశలుంటాయి. మొదటిది, ఖనిజాన్ని బొగ్గుతో కాల్చి లోహం తీయడం. ఈ పని ఎక్కువగా గని దగ్గరే జరుగుతుంది. అక్కడ నల్లని చిట్టెం కుప్పలుగా మిగులుతుంది. రెండవది, లోహాన్ని మూసలో కరిగించి అచ్చులో పోయడం. ఇది ఊళ్ళో, గుడి దగ్గర, రాజధానిలో ఎక్కడైనా జరగవచ్చు. అక్కడ దొరికేవి మూసల ముక్కలు, కాలిన అచ్చు మట్టి, చిందిన లోహపు బొట్లు. తవ్వకంలో చిట్టెం గుట్టలు దొరికాయా, అచ్చు ముక్కలు దొరికాయా అన్నదాన్ని బట్టి అక్కడ ఏ దశ నడిచిందో చెప్పవచ్చు. కోల్‌కతాకు పడమట ఘాట్‌శిల, ముసాబని ప్రాంతపు సింగ్‌భూమ్ రాగి గనులు, మన పల్నాడు జిల్లాలోని అగ్నిగుండాల రాగి, సీసపు నిక్షేపాలు మొదటి దశకు చెందిన చోట్లు.

మైనం చెప్పే లెక్క

విగ్రహాల పోతకు మన పూర్వులు వాడిన పద్ధతి పేరు మధూచ్ఛిష్ట విధానం. మధూచ్ఛిష్టం అంటే తేనెమైనం. మట్టి ముద్ద మీద మైనంతో బొమ్మ చేస్తారు. దానిపై మెత్తని మట్టి పూతలు పూసి, ఆరబెట్టి, కాలుస్తారు. మైనం కరిగి బయటికి పోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొడతారు. కాబట్టి ఒక అచ్చుకు ఒకే విగ్రహం.

కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన 'మానసోల్లాసం'లో ఈ పద్ధతి వివరంగా ఉంది. మైనం బరువుకు పది రెట్లు (మరో పాఠం ప్రకారం ఎనిమిది రెట్లు) రాగి లేదా ఇత్తడి తీసుకోమని అందులో చెప్పారు. ఈ లెక్క సరైనదేనా? మీరే చూడండి. మైనం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.96 గ్రాములు, రాగిది 8.96. భాగిస్తే 9.3 వస్తుంది. అంటే 200 గ్రాముల మైనపు బొమ్మ ఖాళీని నింపడానికి సుమారు 1870 గ్రాముల రాగి కావాలి. పది రెట్లు తీసుకుంటే 2 కిలోలు. మిగిలిన కొద్ది లోహం పోత కాలువలో నిలుస్తుంది. ఆనాటి శిల్పికి 'సాంద్రత' అనే మాట తెలియనక్కరలేదు. తూనిక తెలుసు, అనుభవం తెలుసు.

ఈ పద్ధతి నేటికీ సజీవంగా ఉంది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఓజ కళాకారులు, బెంగాల్‌లో బాంకురా దగ్గరి బిక్నా గ్రామంలోని ఢోక్రా కళాకారులు ఇలాగే పోత పోస్తున్నారు. తవ్వకంలో దొరికిన కాలిన మట్టి ముక్క ఏమిటో గుర్తుపట్టడానికి ఇలాంటి కార్యశాలలను గమనించడమే మంచి పాఠం.

విగ్రహం ఉంది, కొలిమి ఏది?

ఇప్పటి బాపట్ల జిల్లాలోని బుద్ధాం గ్రామంలో 19వ శతాబ్దంలో బౌద్ధ కంచు విగ్రహాల నిధి ఒకటి బయటపడింది. సుమారు 6-8 శతాబ్దాలకు చెందిన ఆ విగ్రహాలలో ఎక్కువ భాగం నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1911లో వియత్నాంలోని డాంగ్‌డువాంగ్‌లో దొరికిన కంచు బుద్ధుడిలో అమరావతి శైలి కనిపిస్తుందని కొందరు, శ్రీలంక శైలి అని కొందరు పండితులు అంటారు. శైలి ఓడ ఎక్కి ప్రయాణిస్తుంది, విగ్రహమూ ప్రయాణిస్తుంది. కాబట్టి దొరికిన చోటే తయారైన చోటు అనుకోకూడదు.

కొలిమి మాత్రం కదలదు. కంబోడియాలో ఖ్మేర్ రాజధాని అంగ్‌కోర్ థామ్‌ను చూడండి. అక్కడ రాజప్రాసాదం పక్కనే ఒక కంచు కార్యశాల అవశేషాలను మార్టిన్ పోల్కింగ్‌హార్న్ బృందం 2012 తరువాతి తవ్వకాలలో పరిశీలించింది. మూసలు, అచ్చుల ముక్కలు, లోహపు వ్యర్థాలు దొరికాయి. కొలిమి రాజప్రాసాదం పక్కన ఉండడంలోనే ఒక సమాధానం ఉంది: దేవతా విగ్రహాల పోత రాజుగారి కనుసన్నలలో జరిగే పని.

అదే రాజ్యంలో పశ్చిమ మేబన్ గుడి వద్ద 1936లో శయన విష్ణువు విగ్రహపు ముక్కలు దొరికాయి. 11వ శతాబ్దపు ఈ విగ్రహం పూర్తిగా ఉన్నప్పుడు 5 మీటర్లకు మించి ఉండేదని అంచనా. దాన్ని ఒకే పోతగా కాక, భాగాలుగా పోసి జోడించారు. 1296-97లో అంగ్‌కోర్‌లో ఉన్న చైనా రాయబారి జౌ దగువాన్, బొడ్డు నుంచి నీరు కారే శయన బుద్ధుడిని గురించి రాశాడు. ఆయన బుద్ధుడన్నది ఈ విష్ణువునే అని పండితుల అభిప్రాయం. 2025లో పారిస్‌లోని గిమే మ్యూజియంలో ఈ విగ్రహాన్ని ప్రదర్శించారు.

లోహం ఏ గనిదో తెలుసుకోవడానికి మరో సాధనం సీసపు ఐసోటోపులు. రాగిలో లేశమాత్రంగా ఉండే సీసపు ఐసోటోపుల నిష్పత్తి ఒక్కో గనికి ఒక్కో రకంగా ఉంటుంది. విగ్రహపు నమూనాను గనుల నమూనాలతో పోల్చుతారు. అయితే పాత కంచును కలిపి కరిగించి ఉంటే రెండు గనుల గుర్తులు కలిసిపోతాయి. మళ్ళీ మన పళ్ళెం సమస్యే!

మీరు చేయవలసింది

పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో పాత లోహపు వస్తువు కనిపిస్తే చింతపండుతో తోమకండి. పచ్చని చిలుము కింద, విగ్రహం లోపలి కాలిన మట్టిలో దాని వయసు చెప్పే ఆధారాలు ఉండవచ్చు. దాన్ని కదపకుండా, ఎంత లోతులో, దేని పక్కన ఉందో రాసుకోండి. పక్కన ఉన్న మట్టి ముక్కలను పారేయకండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి.

ఖిదిర్‌పూర్ విద్యార్థులకు మరో అవకాశం ఉంది. 1814లో స్థాపించిన ఇండియన్ మ్యూజియం మీకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అమరావతి శిల్పాలు కొన్ని అక్కడ ఉన్నాయి. కంచు విగ్రహాల ముందు నిలబడినప్పుడు వాటి అందంతో పాటు వీపునూ, పీఠాన్నీ చూడండి. అతుకులు, పోత లోపాలు ఎక్కడున్నాయో వెతకండి. శిల్పి చెయ్యి తెలిసేది అక్కడే.

ఆ పగిలిన పళ్ళెం ఇంట్లో ఇంకా ఉంటే, అమ్మేముందు అది ఏ ఊరిదో, ఎవరు కొన్నారో అమ్మమ్మను అడిగి రాసిపెట్టుకోండి. లోహం కరిగినా ఆ మాట మిగులుతుంది.