కుక్కపిల్లకు పచ్చి మాంసం, ఎముక

గోదావరి డెల్టాలో ఇంటి కుక్కకు చిరకాలంగా దొరుకుతూ వచ్చిన తిండి పెరుగన్నం, గంజన్నం, ఆదివారం నాడు కూరలో మిగిలిన బొమికలు. ఇప్పుడు రావులపాలెం వంటి ఊళ్లలో కూడా జాతికుక్కపిల్లలను కొని పెంచేవారున్నారు. వారికి తరచుగా అందే సలహా మరొకటి. "కుక్క తోడేలు సంతతిది. అడవిలో దానికి వండి పెట్టేవారెవరు? పచ్చి మాంసం, పచ్చి ఎముక పెట్టండి" అంటారు. ఈ వాదాన్ని వ్యాప్తిలోకి తెచ్చినవారిలో ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ ముఖ్యుడు. ఆయన పుస్తకం 1993లో వెలువడినది.

ఈ వాదంలో కొంత నిజమున్నది. కాని తోడేలుకూ కుక్కకూ మధ్య వేల సంవత్సరాల మనిషి సహవాసం ఉన్నది. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ అనే ఎంజైమును తయారు చేయించే జన్యువు తోడేలులో సాధారణంగా రెండు ప్రతులుగా మాత్రమే ఉండగా, కుక్కలలో చాలావాటికి అంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నట్లు 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు చూపినారు. మన ఊరకుక్క అన్నం తిని బ్రతకడంలో వింత లేదన్నమాట.

అసలు సంగతి వేరే ఉన్నది. నిప్పు మాంసానికి మేలు చేస్తుంది, ఎముకకు కీడు చేస్తుంది. పాత అలవాటులో మనం ఉడికిన ఎముక వేస్తున్నాము, కొత్త అలవాటులో పచ్చి మాంసం వేస్తున్నాము. రెండుచోట్లా జరుగుతున్నది తలకిందులే.

ఎముక సంగతి తరగతిలోనే చూపవచ్చును. శుభ్రం చేసిన రెండు కోడి ఎముకలు తీసుకోవాలి. ఒకదానిని నాలుగైదు రోజులు వినెగర్‌లో నానబెట్టితే దానిలోని ఖనిజ లవణాలు కరిగిపోయి, ఎముక రబ్బరువలె వంగుతుంది. రెండవదానిని ఉపాధ్యాయుడు నిప్పులలో కాల్చితే, ఆకారం చెడకుండానే పెళుసై, వేలితో నొక్కగానే పొడి అవుతుంది. మొదటిదానిలో మిగిలినది కొల్లాజెన్ అనే మాంసకృత్తు, రెండవదానిలో మిగిలినది కాల్షియం, భాస్వరం గల ఖనిజం. ఇనుప కమ్ములు, కాంక్రీటు కలిసి కప్పును నిలిపినట్లు ఇవి రెండూ కలిసి ఎముకకు బలమిస్తవి. ఉడికించినప్పుడు కొల్లాజెన్ చెడి కొంత జిలాటిన్‌గా మారుతుంది. పాయా పులుసుకు వచ్చే జిగురు అదే. జిగి పోయిన ఎముక కొరికితే నలగదు, మొనదేలిన చీలికలుగా విడిపోతుంది. ఆ చీలిక కుక్కపిల్ల గొంతులో గుచ్చుకోవచ్చును, ప్రేగును చీల్చవచ్చును. కాబట్టి విందు విస్తళ్లలోని ఎముకలను ఏ వయస్సు కుక్కకూ వేయరాదు.

పచ్చి ఎముక అంత సులభంగా చీలదు గాని, అదీ నిరపాయం కాదు. చిన్న ముక్కయితే పిల్ల నమలకుండా మింగుతుంది, పశువుల కాలి ఎముక వంటి గట్టిదైతే పన్ను విరుగుతుంది. కుక్కపిల్లకు పాలపళ్లు ఇరవై ఎనిమిది. అవి ఊడి నలభై రెండు పళ్లు రావడానికి ఆరేడు నెలలు పడుతుంది. అంతవరకు ఎముక జోలికి పోకపోవడమే మంచిది. ఆ తరువాత ఇవ్వదలచినవారు మూతికంటె పెద్దదైన ఎముకను, ఎదుట కూర్చొని, పది నిమిషాలు కొరకనిచ్చి తీసివేయాలి.

ఇక పచ్చి మాంసం. దానిలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చును. ఎండాకాలపు వేడిలో అనుకూల పరిస్థితులుంటే ఇటువంటి జీవి సుమారు ఇరవై నిమిషాలకొకసారి రెండుగా చీలుతుంది. ఆ లెక్కన ఒకటి ఆరు గంటలలో 2,62,144 అవుతుంది. విద్యార్థులు రెండును పద్దెనిమిదిసార్లు హెచ్చవేసి చూసుకోవచ్చును. ఫ్రిజ్జులో గడ్డ కట్టించినంతమాత్రాన ఇవి చావవు, ఎదుగుదల ఆగుతుంది, అంతే. మరొక చిక్కు ఏమంటే, వీటిని కడుపులో మోసే కుక్క ఆరోగ్యంగానే కనిపిస్తుంది. దాని మూతి, మలం, తిన్న గిన్నె తాకిన పసివాడు జబ్బు పడతాడు.

మేక, గొర్రె, పశువుల కార్జం, ఊపిరితిత్తులలో ఒక్కొక్కప్పుడు నీటితో నిండిన తిత్తులు కనిపిస్తవి. అవి ఎకినోకాకస్ అనే బద్దెపురుగు పిల్లదశ. అటువంటి పచ్చి కార్జం తిన్న కుక్క ప్రేగులో కొన్ని మిల్లీమీటర్ల పురుగులు పెరిగి, వాటి గుడ్లు మలంతో బయటపడతవి. ఆ గుడ్లు మట్టి ద్వారానో చేతుల ద్వారానో మనిషి నోటికి చేరితే, అతని కాలేయంలో, ఊపిరితిత్తులలో అవే తిత్తులు సంవత్సరాల తరబడి పెరుగుతవి. ఒకప్పుడు ఐస్‌లాండు ఈ వ్యాధితో పీడింపబడినది. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హరాల్డ్ క్రాబె పరిశోధనల అనంతరం, 1864లో, కుక్కలకు పచ్చి ఆంత్రాలు వేయవద్దని తెలిపే చిన్న పుస్తకాన్ని అక్కడి ఇంటింటికీ పంచినారు. తరువాతి తరాలలో వ్యాధి అక్కడ లేకుండాపోయినది. మందుకంటె ముందు ఒక అలవాటు మారినది, చదువు వచ్చిన జనం గనుక ఆ పుస్తకం పని చేసినది.

కోడిమాంసం విషయంలో ఇటీవలి అనుభవం మన ముంగిటిదే. 2025 ఫిబ్రవరిలో, రావులపాలెం నుంచి సిద్ధాంతం వంతెన దాటితే వచ్చే పెరవలి మండలంలోని కానూరు అగ్రహారంలోనూ, తణుకు మండలం వేల్పూరులోనూ కోళ్లకు హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ సోకినట్లు నిర్ధారణ అయినది. మరుసటి నెలలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప అదే వైరస్ సోకి మరణించినది. పాప అంతకుముందు పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నదని ఇంటివారు తెలిపినారు. ఈ వైరస్ 70 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి నశిస్తుంది. ముక్క లోపలి భాగం కూడా ఉడికినదా అనేదే చూసుకోవలసినది.

మాంసం ఉడికించి, ఎముక తీసివేస్తే సరిపోతుందా? సరిపోదు. 100 గ్రాముల మెత్తని మాంసంలో భాస్వరం సుమారు 200 మిల్లీగ్రాములుండగా, కాల్షియం 10 మిల్లీగ్రాములే. పెరిగే పిల్లకు కాల్షియం భాస్వరంకంటె కొంచెం ఎక్కువగానే కావాలి. వట్టి మాంసంతో పెరిగిన పిల్ల రక్తంలో కాల్షియం తగ్గకుండా శరీరం ఎముకలనుంచే దానిని లాగుతుంది. కాళ్లు వంగుతవి, గెంతితే ఎముక విరుగుతుంది. అడవిలో తోడేలు ఎముకలతో సహా తింటుంది గనుక దానికి ఈ బాధ లేదు. పచ్చివాదులు చెప్పిన నిజం ఇక్కడున్నది.

ఆ లోటును కోడిగుడ్డు పెంకు తీర్చగలదు. ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా నూరిన ఒక పెంకు సుమారు 5 గ్రాములు తూగుతుంది. దానిలో 2 గ్రాముల కాల్షియం ఉన్నది. అది సుమారు ముప్పావు కిలో మాంసానికి చాలును. ఎక్కువైతే మంచిదనుకొని చెంచాలకొద్దీ కలపరాదు. పెద్దజాతి కుక్కపిల్లలు చిన్న వయస్సులో అదనపు కాల్షియంను తిప్పికొట్టలేవు, దానివల్ల కీళ్లు చెడతవి. కార్జం కూడా వారానికి ఒకటి రెండుసార్లు కొద్దిగానే పెట్టాలి, విటమిన్ ఏ మితిమీరితే అదీ ఎముకలకు హానియే. మాంసం, అన్నం పాళ్లు పిల్ల బరువును చూసి పశువైద్యుడు నిర్ణయిస్తాడు. నులిపురుగుల మందు, బద్దెపురుగు మందు కూడా ఆయన చెప్పిన గడువులలో వేయాలి.

పిల్ల ఎప్పుడైనా ఎముక మింగి, వాంతులు చేసుకుంటూ, తిండి మాని, ముక్కుతూ తిరుగుతుంటే నూనె తాగించడం, కక్కించడం చేయరాదు. పైకి వచ్చే మొన క్రిందికి పోయినదానికంటె ఎక్కువ గాయం చేస్తుంది. వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకొనిపోయి, ఏ ఎముక, ఉడికినదా పచ్చిదా, ఎన్ని గంటలైనది అనే మూడు సంగతులు చెప్పాలి.