చిప్పుకు అక్షరాభ్యాసం

పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాని వ్రేలు పట్టుకొని పెద్దలు తొలి అక్షరాలు దిద్దిస్తారు. కర్మాగారం నుండి వెలువడిన స్మృతి చిప్పు కూడా ఆ పిల్లవాని వంటిదే. అందులో అన్నీ ఒకట్లే ఉంటాయి. అర్థమున్న మాట ఒక్కటీ ఉండదు. అవసరమైన చోట ఆ ఒకట్లను సున్నలుగా మార్చి దానికి విద్య నేర్పే యంత్రమే ప్రోగ్రామర్. ఆ వ్రాత ఎంత విలువైనదో తెలియడానికి ఆస్ట్రేలియాలోనే ఒక ఉదాహరణ ఉన్నది.

న్యూసౌత్ వేల్స్‌లోని క్యామ్డెన్ పట్టణంలో మందుల దుకాణం నడిపిన తండ్రి వినికిడి లోపంతో పడిన ఇబ్బందిని చూస్తూ పెరిగిన గ్రేమ్ క్లార్క్, మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1978లో తమ తొలి 'బయానిక్ చెవి'ని ఒక రోగికి అమర్చారు. 1982లో సిడ్నీకి చెందిన న్యూక్లియస్ సంస్థ 22 ఎలక్ట్రోడ్ల పరికరాన్ని తెచ్చింది. ఎంత విద్యుత్తు అందితే శబ్దం వినబడనారంభిస్తుందో, ఎంత దాటితే భరించరానిదవుతుందో ప్రతి ఎలక్ట్రోడ్‌కూ, ప్రతి మనిషికీ వేరు. ఆ కొలతలను రోగి వెంట ధరించే ప్రాసెసర్‌లోని ఈప్రామ్ చిప్పులో వ్రాసేవారు. ఒక మనిషి వినికిడి ఆ చిన్న చిప్పుపై ఆధారపడి ఉండేదన్నమాట.

ఈప్రామ్‌ను 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ కనిపెట్టారు. అందులోని ప్రతి ట్రాన్సిస్టర్ నడుమ, చుట్టూ విద్యుత్ నిరోధక పొర కప్పిన ఒక చిన్న ద్వీపం ఉంటుంది. అధిక వోల్టేజితో ఎలక్ట్రాన్లను ఆ ద్వీపంలోకి నెడితే అది సున్న, నెట్టకపోతే ఒకటి. లోపలికి పోయిన ఎలక్ట్రాన్లు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి. అయితే అరకొరగా నెట్టితే? ఆ రోజు సున్నగానే కనబడి, కొన్నేళ్ళకు కొంత ఆవేశం జారిపోగానే ఒకటిగా మారిపోవచ్చు. పైకి తెలియని ఈ మోసాన్ని పట్టుకోవడమే యంత్రంలోని ఎలక్ట్రానిక్ భాగాలకు అసలు పరీక్ష.

చిప్పు కాలు ఒక్కొక్కదాని వెనుకా ఒక 'పిన్ డ్రైవర్' వలయం ఉంటుంది. అదే కాలికి ఒక చిప్పులో 5 వోల్టులు, మరొకదానిలో 21 వోల్టులు, ఇంకొకదానిలో భూమి సంబంధం కావలసి రావచ్చు. అంకెను వోల్టేజిగా మార్చే డి.ఎ.సి., దానికి బలమిచ్చే ఆంప్లిఫయర్, దారి మార్చే ట్రాన్సిస్టర్ స్విచ్చులు, విద్యుత్తు హద్దు మీరగానే ఆపివేసే కంపారేటర్ అక్కడ కొలువుంటాయి. వ్రాతకు ముందు ప్రతి కాలిలోకి స్వల్ప విద్యుత్తు పంపి, చిప్పులోపలి రక్షక డయోడు వద్ద సుమారు 0.6 వోల్టు కనబడుతున్నదో లేదో చూస్తారు. కనబడకపోతే ఆ కాలు సాకెట్టుకు ఆనలేదని అర్థం.

2764 అనే చిప్పులో 8,192 బైట్లు ఉంటాయి. పాత పద్ధతిలో బైటుకు 50 మిల్లీసెకండ్ల చొప్పున వ్రాస్తే దాదాపు 7 నిమిషాలు పట్టేది. తరువాత వచ్చిన పద్ధతిలో ఒక్క మిల్లీసెకండు పాటు వ్రాసి వెంటనే చదివి చూస్తారు. సరిపోయాక మరికొంత అదనంగా వ్రాస్తారు. విశేషమేమంటే, ఈ వ్రాత, తనిఖీ జరిగినంతసేపూ చిప్పుకు మామూలు 5 వోల్టులకు బదులు 6 వోల్టులు ఇస్తారు. బలహీనమైన సున్న ఈ ఎక్కువ వోల్టేజి వద్ద ఒకటిగా కనబడి దొరికిపోతుంది. బడి పరీక్ష జీవితం కన్నా కఠినంగా ఉండడం ఇక్కడ మేలే!

క్లినిక్‌లో ఒక రోగికి ఒక చిప్పు చాలు. వేలకొద్దీ కావలసిన కర్మాగారంలో మనిషి చేతి పనిని శూన్యపీడన గొట్టం చేస్తుంది. అది చిప్పును పీల్చి పట్టుకొన్నదో లేదో పీడన సెన్సర్ చెబుతుంది. వంకరను కెమేరా చూస్తుంది. సర్వో మోటారు దానిని సాకెట్టులో దించుతుంది. నేటి ఫ్లాష్ చిప్పులు చాలావరకు అధిక వోల్టేజిని తమలోనే పుట్టించుకొంటాయి గనుక 21 వోల్టుల బాధ తప్పింది, కాని శుభ్రమైన విద్యుత్ సరఫరా అవసరం తప్పలేదు. ఇంత హంగు ఉన్నా అరిగిపోయేది మాత్రం సాకెట్టులోని లోహపు ముక్కలే.

ఈప్రామ్ వీపున చిన్న గాజు కిటికీ ఉంటుంది. అతినీలలోహిత కాంతిని దానిగుండా సుమారు 20 నిమిషాలు ప్రసరింపజేస్తే వ్రాతంతా చెరిగిపోతుంది. నేరుగా ఎండలో పెడితే వారం రోజులు చాలునని తయారీదారులే హెచ్చరించేవారు. అందుకే వ్రాత ముగియగానే ఆ కిటికీపై కాంతి చొరని చీటీ అతికించేవారు.