తెగిన అకిలిస్‌కు ఆపరేషన్ తప్పదా?

షటిల్ ఆడుతూ రెండడుగులు వెనక్కి వేసి, ఒక్కసారిగా ముందుకు దూకబోయిన మనిషికి పిక్క కింద ఎవరో ఈడ్చి తన్నినట్టు అనిపిస్తుంది. టప్‌మని చప్పుడూ వినిపించవచ్చు. తిరిగి చూస్తే వెనక ఎవరూ ఉండరు. అకిలిస్ టెండన్ తెగినవాళ్లలో చాలామంది చెప్పేది ఇదే. వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం కోర్టులో దిగే 30–50 ఏళ్ల మగవాళ్లలో ఈ గాయం ఎక్కువ.

పిక్క కండరాలను మడమ ఎముకకు కలిపే లావుపాటి పట్టీ అకిలిస్. సాధారణంగా మడమకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన, రక్తప్రసరణ తక్కువగా ఉండే చోట తెగుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్స్‌తో తెగే ముప్పు పెరుగుతుంది, స్టిరాయిడ్లు తోడైతే మరింత. ఈ యాంటీబయాటిక్స్‌పై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే గట్టి హెచ్చరిక వేయించింది.

అసలు చిక్కు గాయాన్ని గుర్తించడంలో ఉంది. నడవగలుగుతున్నాం కాబట్టి బెణికిందేలే అనుకుంటాం. 2013 ఏప్రిల్ 12న బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ అకిలిస్ తెగిన కాలితోనే గీత దగ్గరికి వెళ్లి రెండు ఫ్రీత్రోలు వేసి, నడుచుకుంటూ బయటికొచ్చాడు. అకిలిస్ తెగినా పాదాన్ని కిందికి వంచే వేరే కండరాలు కొంత పని చేస్తూనే ఉంటాయి. ఎక్స్‌రే తీస్తే ఎముక బాగానే కనబడుతుంది, టెండన్ కనబడదు. దాంతో మర్దనా, క్రేప్ బ్యాండేజీ, ఆ పైన కట్టు వేసేవాళ్ల దగ్గరికి ప్రయాణం.

పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. మనిషిని మంచం మీద బోర్లా పడుకోబెట్టి, పాదాలు అంచు దాటి వేలాడేలా చూసి, పిక్కను చేత్తో పిసకాలి. బాగున్న కాలి పాదం వేళ్లు కిందికి వంగేలా కదులుతుంది. తెగిన కాలి పాదం చలించదు. దీన్ని థాంప్సన్ పరీక్ష అంటారు. అనుమానం ఉంటే ఈ పరీక్ష చేయమని డాక్టర్ని అడగడంలో తప్పేమీ లేదు.

తెగిందని తేలాక కుట్లు వేయించుకోవాలా, వద్దా? నార్వేలో 500 మందికి పైగా రోగులను ఆపరేషన్ లేకుండా, పెద్ద కోతతో, చిన్న కోతతో అని మూడు వర్గాలు చేసి చూశారు. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం ఏడాది తర్వాత కాలి పనితనంలో మూడు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడింటిలోనూ కాలు పూర్తిగా మునుపటిలా కాలేదు. తేడా వచ్చింది వేరేచోట. ఆపరేషన్ లేనివారిలో 6.2 శాతం మందికి టెండన్ మళ్లీ తెగింది, చేయించుకున్నవారిలో 0.6 శాతానికే. అయితే చిన్న కోత వేసినవారిలో దాదాపు 5 శాతం మందికి, పెద్ద కోత వేసినవారిలో సుమారు 3 శాతం మందికి నరం దెబ్బతింది. మళ్లీ తెగిన శాతాల లెక్కన ఒకరికి ఆ ముప్పు తప్పించడానికి 18 మందికి కోత పెట్టాలి. వృత్తిగా ఆడేవాడికి ఈ బేరం గిట్టవచ్చు. షుగరు ఉన్నవారికి, పొగ తాగేవారికి పుండు మానడమే కష్టం. మడమ వెనక చర్మం అసలే పలచన. వీరి విషయంలో ఆపరేషన్ అనే ముందు నేనైతే రెండుసార్లు ఆలోచిస్తాను.

ఆపరేషన్ వద్దంటే వైద్యం వద్దని కాదు. మునివేళ్ల మీద నిలబడినట్టు పాదాన్ని కిందికి వంచి ఉంచితే తెగిన కొసలు దగ్గరికొస్తాయి. వాకింగ్ బూట్‌లో మడమ కింద మెత్తటి ముక్కలు పేర్చి, వారాలు గడిచేకొద్దీ ఒక్కొక్కటే తీస్తారు. బ్రిటన్‌లో 540 మందిపై జరిపిన పరిశోధన (2020) ప్లాస్టర్ కట్టును, ఇలాంటి బూట్‌ను పోల్చింది. మళ్లీ తెగినవారు 6, 5 శాతం, దాదాపు సమానం. సగటు వైద్య ఖర్చు ప్లాస్టర్‌కు 1,181 పౌన్లు, బూట్‌కు 1,078 పౌన్లు. అప్పటి లెక్కన లక్ష రూపాయల పైచిలుకు. బూట్ వేసుకుని మొదటినుంచే కాలు మోపి నడవచ్చు.

మన దగ్గర ఆపరేషన్ బిల్లు ఒక్కటే చూసి లెక్క తేల్చేస్తాం. కోత పడ్డా బూట్ తప్పదు, ఫిజియోథెరపీ తప్పదు. ఆటకు తిరిగి రావాలంటే ఎలా చూసినా నెలలు పడుతుంది. అసలు నష్టం ఆగిపోయిన పనిలో ఉంది. బల్ల ముందు పనిచేసేవాడు త్వరగా కుదురుకుంటాడు, మెట్లెక్కి బరువులు మోసేవాడి కూలి మాత్రం నెలల తరబడి ఆగుతుంది. ఇందులో ఇన్సూరెన్స్ మెలిక ఒకటి. ఆసుపత్రిలో చేరితేనే డబ్బిచ్చే పాలసీలు చాలా. బూట్, ఫిజియోథెరపీ సొంత జేబులోంచి కట్టాలి. అందుకే ఖరీదైన ఆపరేషన్ రోగికి చవగ్గా కనబడుతుంది.

ఏ దారి పట్టినా బూట్ వేసుకున్న వారాల్లో పిక్క వాచి నొప్పెడితే, ఊపిరి ఆడకపోతే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు. అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

వారాలు దాటి బయటపడిన గాయానికి ఈ లెక్కలేవీ వర్తించవు. అప్పటికి కొసలు ఎడమై, మధ్య ఖాళీలో మచ్చ కణజాలం నిండి ఉంటుంది. చాలాసార్లు బొటనవేలిని వంచే టెండన్‌ను తెచ్చి మడమకు అతకాల్సి వస్తుంది. కోత పెద్దది, కోలుకోవడం ఆలస్యం, బిల్లూ దానికి తగ్గట్టే ఉంటుంది.