పాత వ్యానులో బ్రేకు పెడలు మెత్తబడినచో కారణము నెఱుగు విధము

ఖమ్మము మార్కెట్టునకు మిరప బస్తాలు చేర్చుటకును, అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతముల తోటలనుండి ఆయిల్‌పామ్ గెలలు తోలుటకును రైతులు పలువురు పాత వ్యానులనే వాడుచున్నారు. క్రొత్త బండి కొనుట అందఱి శక్తిలోని పని కాదు. పాతదానిని బాగుగా నుంచుకొన్నచో అదియే చాలును. కాని బ్రేకు పెడలు మెత్తబడినప్పుడు, "రెండు మాఱులు కొట్టినచో పట్టుచున్నది గదా" యని తోలుచుండుట ప్రాణములతో చెలగాట మాడుటయే. మారేడుమిల్లి ఘాటునుండి చింతూరువైపు దిగి భద్రాచలము చేరువారికి ఒక మలుపులో రెండవ మాఱు కొట్టు వ్యవధి దొరకకపోవచ్చును.

జ్వరమునకు వలెనే పెడలు మెత్తనగుటకును కారణములు పెక్కు. ఏ విధముగా మెత్తబడినదో శ్రద్ధతో చూచినచో, లోప మెచ్చట నున్నదో పెడలే తెలుపును.

బ్రేకు పనిచేయు విధము

పెడలును త్రొక్కినప్పుడు మాస్టర్ సిలిండరులోని పిస్టను బ్రేకు ఆయిలును నెట్టును. ఆ ఒత్తిడి గొట్టములద్వారా చక్రముల కడనున్న చిన్న సిలిండరులకు చేరి, లైనర్లు గల షూలను డ్రమ్మునకు ఒత్తును. ద్రవమునందు ఒకచోట కలిగిన ఒత్తిడి అంతటను సమానముగా వ్యాపించునను సూత్రమును 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు పాస్కల్ తెలిపెను. ద్రవము నొక్కినను దాదాపు కుదించుకొనదు, గాలి కుదించుకొనును. సైకిలు పంపు మూతిని వ్రేలితో మూసి పిడి నొక్కిచూడుడు. పిడి కొంత దిగి మరల పైకి తన్నును. బ్రేకు గొట్టములో గాలి చేరినచో జరుగునదియు నిదియే. మన కాలి బలము షూలకు చేరక గాలిని నొక్కుటయందే ఖర్చగును.

పరీక్షించు క్రమము

బండిని సమతలమున నిలిపి, చక్రములకు రాళ్లు అడ్డు పెట్టి, ఇంజను ఆపవలెను. మొదట ఆయిలు డబ్బాలో మట్టము చూచి గుఱుతు పెట్టుకొనుడు. పిమ్మట పెడలును నాలుగైదు మాఱులు త్రొక్కి, కడపట గట్టిగా నొక్కి ఒక నిమిషము అట్లే పట్టి యుంచుడు. అప్పుడు ఈ క్రింది వానిలో ఏది జరుగునో గమనింపవలెను.

1. మొదటి త్రొక్కునకు చాల లోతుగా దిగి, రెండు మూడు త్రొక్కులకు పైకి వచ్చి గట్టిపడినచో, లైనర్లు అరిగినవి, లేదా షూల సర్దుబాటు వదులైనది. డ్రమ్ము విప్పి చూచి సరిచేయవలెను.

2. కొట్టినకొలది పైకి వచ్చినను, కాలిక్రింద స్పాంజివలె తన్నుచున్నచో గొట్టములలో గాలి పట్టినది. పాత రబ్బరు హోసు ఉబ్బుచున్నను ఇట్లే తోచును. కావున ఒకరు త్రొక్కుచుండగా మఱియొకరు హోసులను చూడవలెను.

3. పట్టి యుంచిన పెడలు మెల్లమెల్లగా దిగిపోవుచు, ఎచ్చటను తడి లేక, డబ్బాలో మట్టము తగ్గకున్నచో, మాస్టర్ సిలిండరులోని రబ్బరు కప్పులు అరిగి ఆయిలు లోలోపలనే వెనుకకు జాఱుచున్నదని గ్రహింపవలెను.

4. పెడలు దిగుటయేగాక మట్టమును తగ్గినచో ఆయిలు బయటికి కాఱుచున్నది. గొట్టముల కీళ్లు, హోసులు, చక్రముల లోపలి అంచులు, డ్రమ్ముల లోభాగము వెదకవలెను. బూస్టరు గల బండ్లలో మాస్టర్ సిలిండరు వెనుకనుండి బూస్టరులోనికి కాఱుటయు గలదు; అది పైకి కనబడదు.

బూస్టరు గల బండిలో పెడలును నొక్కిపట్టి ఇంజను నడిపినప్పుడు పెడలు కొంచెము దిగుట సహజము. అది లోపము కాదు. బూస్టరు చెడినచో సామాన్యముగా పెడలు గట్టిపడునేగాని మెత్తబడదు.

ఘాటు దిగినప్పుడు మాత్రమే మెత్తబడినచో

ఇది మిక్కిలి మోసకరమైన లక్షణము. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్-3 రకపు క్రొత్త ఆయిలు 205 డిగ్రీల సెంటీగ్రేడు వఱకైనను మరగరాదని నియమము. నూటికి సుమారు 3.7 వంతుల నీరు చేరిన పిమ్మట ఆ హద్దు 140 డిగ్రీలే. బరువుతో దిగుచు బ్రేకుపై కాలు తీయకున్నచో డ్రమ్ముల వేడికి ఆ ఆయిలు మరగి ఆవిరి పుట్టును. ఆవిరియు గాలివలెనే కుదించుకొనును గావున పెడలు హఠాత్తుగా పల్లమునకు పోవును. చల్లాఱిన పిమ్మట మరల బాగుగానే యుండును. మఱునాడు మెకానిక్కు చూచినచో ఏ లోపమును కనబడదు. కావున ఎక్కడ, ఎంత బరువుతో, ఎంతసేపు దిగిన పిమ్మట మెత్తబడెనో అతనికి తప్పక చెప్పవలెను. రెండేండ్ల కొకమాఱైనను ఆయిలంతయు మార్చుట మేలు. డీజిలు మిగులునని న్యూట్రలులో దిగుట ఎన్నటికిని కూడదు. ఎక్కు గేరులోనే దిగవలెను.

బాగుచేయునప్పుడు

గాలి తీయుటకు ఇద్దఱు కావలెను. ఒకరు పెడలును నొక్కి పట్టగా, రెండవవారు నిపులు వదులు చేసి, పెడలు వదలక పూర్వమే దానిని బిగింపవలెను. డబ్బా ఎండిపోనీయరాదు. సాధారణముగా మాస్టర్ సిలిండరునకు దూరపు చక్రముతో మొదలిడుదురు. బండి పుస్తకమున వేఱు క్రమమున్నచో దానినే యనుసరింపవలెను. సీసాలోనికి వచ్చిన పాత ఆయిలును మరల పోయరాదు. ఇంజను ఆయిలు, కిరోసిను వంటివి ఒక్క చుక్కయైనను తగలరాదు. వానివలన రబ్బరు కప్పులు ఉబ్బి చెడును. బ్రేకు ఆయిలులో నానిన లైనర్లను కడిగి వాడక మార్చవలెను. పాత లైనర్ల పొడిలో రాతినార ఉండవచ్చును గావున దానిని గాలితో ఊదక తడిగుడ్డతో తుడువవలెను.

దారిలోనే పెడలు పోయినచో వెంటవెంటనే కొట్టుచు, క్రింది గేరులకు దిగి, హాండుబ్రేకును కొంచెము కొంచెముగా లాగవలెను. ఒక్క ఊపున లాగినచో వెనుక చక్రములు బిగిసి బండి అడ్డము తిరుగును.

వ్యాను గల ప్రతి సంఘమును, ప్రతి సభ్యుడును ఒక చిన్న పుస్తకము పెట్టి, బ్రేకు ఆయిలు ఏ తేదీన ఎంత పోసినది వ్రాసికొనవలెను. లైనర్లు అరిగినకొలది మట్టము కొద్దిగా తగ్గుట సహజమే. కాని నెలలో రెండు మాఱులు పోయవలసి వచ్చినచో కాఱుట తప్పక యున్నదని ఆ పుస్తకమే చెప్పును. కారణము వెదకక ఆయిలు మాత్రము పోయుచుండుట ఓటికుండలో నీరు పోయుటయే. పెడలు మెత్తనైన బండిపై బస్తా నెక్కింపకుడు. మనిషి నసలే యెక్కింపకుడు.