అడయారు తీరభవనము – సభాధర్మము



సభ అను మాటకు కలిసి ప్రకాశించు చోటు అని పెద్దలు వ్యుత్పత్తి చెప్పుదురు. పదిమంది ఒకచోట కూర్చున్నంతమాత్రమున అది సభ కానేరదు. వక్తకు విషయజ్ఞానము, శ్రోతకు శ్రద్ధ, ఇరువురికిని అన్యాభిప్రాయమును వినగల ఓర్పు ఉండవలెను. ఈ మూడింటిలో చివరిది మిక్కిలి దుర్లభము. ఒక నివాసగృహము ఇట్టి సభాస్థానముగా ఎట్లు పరిణమించునో తెలియుటకు చెన్నపట్టణమునందలి అడయారు తీరభవనమును ఉదాహరణముగా గ్రహింతము.

అడయారు నది బంగాళాఖాతమున కలియు చోటికి సమీపమున, దక్షిణపు గట్టున, హడిల్‌స్టన్ గార్డెన్స్ అను తోట బంగళా ఉండెడిది. కర్నల్ ఆల్కాట్, బ్లావట్‌స్కీ 1882లో దానిని కొని, దివ్యజ్ఞానసమాజమునకు కేంద్రస్థానముగా చేసిరి. నాడు సుమారు 27 ఎకరములుగా నున్న ఆ స్థలము తరువాత అనేక రెట్లు విస్తరించినది. ఒకప్పటి దొరగారి విడిదిలోని విశాలమైన హాలు క్రమముగా ఉపన్యాసమందిరమైనది. డిసెంబరు మాసమున జరుగు వార్షికసభలకు దేశదేశములనుండి జనులు వచ్చుట ఆనవాయితీ. నానామతముల ప్రార్థనలతో సభను ప్రారంభించుట అచ్చటి సంప్రదాయము. తోటలోని మహావటవృక్షపు నీడలో కూడ ఎన్నియో ప్రసంగములు జరిగినవి. 1989లో పెనుగాలికి ఆ వృక్షపు మూలకాండము కూలినను, ఊడలు వేరూని నిలిచి చెట్టును బ్రదికించుచున్నవి.

మాటకు ఆయుస్సు స్వల్పము. వినినది నిలువవలెనన్న గ్రంథము కావలెను. 1886లో ఆల్కాట్ అచ్చట గ్రంథాలయమును స్థాపించెను. వేలకొలది తాళపత్రప్రతులు అందు చేరినవి. ఉపనిషద్బ్రహ్మయోగి వ్యాఖ్యతో కూడిన యోగోపనిషత్తులు పండిత ఎ. మహాదేవశాస్త్రిగారి సంపాదకత్వమున ఆ గ్రంథాలయమునుండియే 1920లో వెలువడినవి. పాఠశాలలో వేదమును గురుముఖమున నేర్చిన మేము తాళపత్రముకన్న కంఠమునే ప్రధానముగా ఎంతుము. అయినను వ్యాఖ్యానముల విషయమున ఒక సత్యమును అంగీకరింపక తప్పదు. పాఠపరంపర తెగిన గ్రంథమునకు పత్రమే ప్రాణము. పత్రము పురుగులపాలైనచో ఆ ఋషిఋణమును తీర్చుకొను దారి మూసికొనిపోవును.

సభనుండి గ్రంథము పుట్టినట్లే కార్యమును పుట్టును. అన్నిబిసెంటు మొదలగువారు భారత మహిళాసంఘమును 1917లో అడయారులోనే ఆరంభించిరి. 1935లో సమాజ వజ్రోత్సవసమయమున రుక్మిణీదేవి ఆ ప్రాంగణమున భరతనాట్యమును ప్రదర్శించిరి. కులస్త్రీలు వేదికపై నర్తించుట నాడు లోకమునకు రుచింపలేదు. మరుసటి సంవత్సరమున కళాక్షేత్రము అచ్చటనే ప్రారంభమైనది.

ఇక మొదట చెప్పిన మూడవ లక్షణమును పరిశీలింతము. మన మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు 1909లో తండ్రితో, సోదరులతో అడయారు చేరిరి. సమాజపెద్దలు ఆయనను రాబోవు జగద్గురువునకు వాహనముగా భావించి, ఆయన పేరిట ఒక సంఘమునే నిర్మించిరి. 1929లో హాలెండు దేశమున ఆయన ఆ సంఘమును స్వయముగా రద్దుచేసి, సత్యమునకు ఏ సంస్థయు దారి కాజాలదని ప్రకటించిరి. పిదప పలు దశాబ్దములు ఆయనకును ఆ తోటకును ఎడమైనది. 1980లో, రాధా బర్నియర్ అధ్యక్షురాలుగా నున్న కాలమున, ఆయన మరల ఆ ద్వారమున అడుగుపెట్టిరి. తన మూలమునే కాదన్నవానికి తలుపు తెరచుట ఏ సంస్థకును సులభము కాదు. మన శాస్త్రపద్ధతిలో పూర్వపక్షమును సమగ్రముగా నిలిపిన పిమ్మటనే సిద్ధాంతమునకు అధికారము కలుగును. పూర్వపక్షికి ఆసనము లేనిచోట వినబడునది ఏకపక్షఘోషయే కాని వాదము కాదు.

ఆ సమాజపు సిద్ధాంతములన్నియు మాకు సమ్మతములని దీని తాత్పర్యము కాదు. జన్మాంతరములను, మహాత్ములను గూర్చి వారు చెప్పిన పెక్కు మాటలకు శ్రుతిప్రమాణము కానరాదు. కాని గుణమును గ్రహించుటకు మతైక్యము అవసరము లేదు.

మన నదీతీరములందును మండపములు, సత్రములు, పూర్వుల మేడలు కొల్లలుగా నున్నవి. కొన్నింట దీపమైనను లేదు. మరికొన్నింట శబ్దయంత్రముల హోరే కాని శ్రవణము లేదు. వాటిలో నెలకొక ప్రసంగము పెట్టుడు. చివర ప్రశ్నలకు అరగంట విడువుడు. భిన్నముగా పలికిన వానిని ముందువరుసలో కూర్చుండబెట్టుడు. మీ ఇంటి అటకపై తాళపత్రపు కట్ట యున్నచో, దానిని తెలిసిన పండితునకు చూపి, నిమ్మగడ్డి తైలము పూయించి, పొడిచోట భద్రపరచుడు. గోడలు కట్టినవాని పేరు కాలము మరపించును. అచ్చట శ్రద్ధగా విన్నవారి సంస్కారము మాత్రము తరతరములకు సంక్రమించును.

శుభమస్తు.